కడపటి సీజను కలహము

కథ ముగిసిన పిమ్మట దాని ముగింపును గూర్చి శ్రోతలు వాదులాడుకొనుట ఏ దేశమునందును క్రొత్త గాదు. కాని ముగియనున్న కథకు శ్రోతలే అడ్డుపడి, అది మరియొక యేడు సాగునట్లు చేసికొని, అట్లు తాము సాధించుకొన్న యేటి కథలనే యావజ్జీవము నిందించుచు, ఆ నిందను సహింపని మరికొందరు శ్రోతలతో రెండు తరములపాటు కలహించుట మాత్రము మిక్కిలి అరుదు. అమెరికా దేశమున ఎన్.బి.సి. అను టెలివిజను సంస్థ 1966 సెప్టెంబరు 8వ తేదీ రాత్రి ప్రారంభించి, 1969 జూన్ 3వ తేదీతో ముగించిన ‘స్టార్ ట్రెక్’ అను వైజ్ఞానిక కథామాలికకు ఈ విచిత్రభాగ్యము పట్టెను. మూడు సీజనులలో 79 భాగములుగా ప్రసారమైన ఆ కథామాలిక యొక్క కడపటి సీజను మంచిదా చెడ్డదా, చెడ్డదైనచో దానిని చెఱిచినవారెవరు అను ప్రశ్న, ఆ కథలు వెలువడిన నాటికి పుట్టనైన పుట్టనివారి నోట సైతము నేటికిని వినబడుచున్నది.

దీనిని సృజించిన జీన్ రాడెన్‌బెర్రీ తొలుత విమానచోదకుడు, ఆపై లాస్ ఏంజిలీస్ నగరమున పోలీసు ఉద్యోగి, అటుపిమ్మట కథారచయిత. ‘ఎంటర్‌ప్రైజ్’ అను నౌక నక్షత్రముల నడుమ సంచరించుచుండగా, దాని యధిపతియైన కర్క్, ఉద్వేగములను అణచికొన్న వల్కన్ జాతివాడగు స్పాక్, ముక్కోపియైన వైద్యుడు మెకాయ్, ఈ మువ్వురి సంవాదముల మీదనే కథాభారమంతయు నిలిచియుండెను. హాస్యనటి లూసిల్ బాల్ అధీనమునందున్న డెసిలూ స్టూడియో దీనిని నిర్మించెను. మొదట తీసిన నమూనా భాగమును ఎన్.బి.సి. వారు త్రోసిపుచ్చి, మరియొక నమూనా తీసికొని రమ్మని యడిగిరి. ఆ కాలమున అట్టి రెండవ అవకాశము దొరకుట అరుదు. ప్రసారము మొదలైన పిమ్మట చూచువారి సంఖ్య మధ్యరకముగానే యుండెను గాని, ఆ చూచువారు చూచి యూరకుండు స్వభావము గలవారు కారు. వారు ఉత్తరములు వ్రాయుదురు. వల్కనుల వివాహాచారములను గూర్చి తర్కింతురు. స్పాక్ మనసులో నిజముగా ఏమున్నదో ఊహించి కథలల్లుదురు. 1967 సెప్టెంబరులో న్యూయార్కు అభిమానినులు కొందరు ‘స్పాకనేలియా’ అను పత్రికను తామే టైపు చేసి, సైక్లోస్టైలు ప్రతులు తీసి పంచిపెట్టిరి. ఈ కథామాలికకే అంకితమైన పత్రికలలో అది మొదటిది.

ఆ సంవత్సరాంతమున, రెండవ సీజను నడుమ, కథామాలిక ఆగిపోవునను వదంతి బయలుదేరినది. బీజో ట్రింబుల్, ఆమె భర్త జాన్ ట్రింబుల్ అను అభిమాన దంపతులు స్టూడియోలో చిత్రీకరణ చూచి, నటుల ముఖములలోని దైన్యమును గమనించి, కారులో ఇల్లు చేరుకొను దారిలోనే ఉత్తరముల ఉద్యమమునకు సంకల్పించిరి. వారి పద్ధతి సులభము. విజ్ఞప్తి అందుకొన్న ప్రతివారును తామొక ఉత్తరము వ్రాయుటయే గాక, మరి పదిమందిచేత వ్రాయింపవలెను. ఆ పదిమందిలో ఒక్కొక్కరును ఇంకొక పదిమందిని పురికొల్పవలెను. అందరును ఒకే మూసలో వ్రాసినచో పనికిరాదు, ఎవరి మాటలు వారివిగా నుండవలెను, మర్యాద తప్పరాదు. టెలిఫోనులో దూరప్రాంతములతో మాటలాడుట ఖరీదైన ఆ దినములలో, తపాలా బిళ్లలే ఆయుధములుగా సాగిన యుద్ధమిది. 1968 జనవరిలో కాల్‌టెక్ విజ్ఞానవిద్యాలయపు విద్యార్థులు ఇన్నూరుమందికి పైగా కాగడాలతో, నినాదముల పలకలతో బర్‌బ్యాంకులోని ఎన్.బి.సి. కార్యాలయమునకు ఊరేగింపుగా వెడలిరి. రేపటి శాస్త్రజ్ఞులు కానున్నవారు ఒక టెలివిజను కథకొరకు వీథికెక్కుట పత్రికలవారికి వింతగా తోచెను.

ఉత్తరములెన్ని వచ్చినవో నేటికిని వివాదాస్పదమే. సంస్థవారి లెక్క లక్షకు పైచిలుకు. అభిమానుల లెక్క పది లక్షలు. ఏ లెక్క నిజమైనను, 1968 మార్చి 1వ తేదీన ఆ రాత్రి భాగము ముగియగనే సంస్థవారు, ఈ కథామాలిక కొనసాగును, ఇక ఉత్తరములు వ్రాయవలదు అని ప్రసారమునందే ప్రకటింపవలసి వచ్చెను. అభిమానులు ఊరకుండిరా? కృతజ్ఞత తెలుపుచు మరల అంతటి ఉత్తరముల మూటలు పంపిరి. స్టూడియోలో అధికారిగా నుండిన హెర్బర్ట్ సోలో, సహనిర్మాతయైన రాబర్ట్ జస్ట్‌మన్ కలసి 1996లో వెలువరించిన గ్రంథమున, ఈ ఉద్యమము వెనుక రాడెన్‌బెర్రీ హస్తమును, ధనమును గుప్తముగా పనిచేసినవని వ్రాసిరి. దీనిని చదివి ఉద్యమమంతయు బూటకమని తేల్చిన విమర్శకులు కలరు. నాకు మాత్రము ఆ తీర్పు తొందరపాటుగా తోచును. నిప్పు రాజేసినవాడు ఎవడైనను, లక్షమంది చేత కలము పట్టించుట ఒక్కని ధనముతో అగు పని కాదు.

గెలుపు చేతికందినది గాని, ఫలము చేదుగా పరిణమించెను. మూడవ సీజనును సోమవారము రాత్రి ఏడున్నర గంటలకు ప్రసారము చేయుదుమని సంస్థవారు మొదట మాట యిచ్చిరి. బాలురు, కళాశాలా విద్యార్థులు ఇంటిపట్టున నుండు మేలైన గడియ యది. కాని అదే రాత్రి ప్రసారమగుచు దేశమంతట నవ్వులు పండించుచున్న ‘లాఫ్-ఇన్’ అను కార్యక్రమమును అందుకొరకు అరగంట వెనుకకు జరుపవలసి వచ్చుటచే దాని నిర్మాత ఒప్పుకొనలేదు. తత్ఫలితముగా స్టార్ ట్రెక్ శుక్రవారము రాత్రి పది గంటలకు నెట్టబడెను. వారాంతపు రాత్రి పది గంటలకు యువజనులు ఇంట నుండరు. ఇంటనున్న పిల్లలు మేల్కొని యుండరు. అనగా ఏ ప్రేక్షకులకొరకై కథను బ్రదికించిరో ఆ ప్రేక్షకులు లేని వేళనే కథను ప్రసారము చేయ నిశ్చయించిరి. ఆ వేళను మార్చనిచో ప్రతిదిన నిర్మాణభారమునుండి తొలగుదునని రాడెన్‌బెర్రీ బెదిరించెను; సంస్థవారు లొంగలేదు; అతడు మాట నిలబెట్టుకొని తొలగెను. మాట నిలబెట్టుకొనుట సాధారణముగా ప్రశంసార్హమే గాని, ఈ సందర్భమున తల్లి అలిగి బిడ్డను వీథిలో విడిచిన చందమైనదని అనేకులు తలచిరి.

అటుపిమ్మట ఆ స్థానమునకు వచ్చినవాడు ఫ్రెడ్ ఫ్రైబర్గర్. అతనికి లభించిన సంసారమెట్టిదో ముందు చెప్పవలెను. 1967లో డెసిలూ సంస్థ గల్ఫ్ అండ్ వెస్టర్న్ వారికి విక్రయింపబడి పారమౌంటులో కలసిపోయినది. క్రొత్త యజమానులకు ఈ కథామాలిక ప్రతి భాగమునకును నష్టము తెచ్చు పద్దుగా మాత్రమే కనబడెను. మొదటి సీజనులో భాగమొక్కింటికి సుమారు 1,90,000 డాలర్లు వ్యయము చేయుచుండిరి. మూడవ సీజను నాటికి అది 1,80,000 డాలర్లకు లోబడెను. నటుల జీతములు ఒప్పందముల మేరకు పెరుగుచుండగా మొత్తము తగ్గుటచే, కోత పడినదంతయు రంగాలంకరణ మీదను, బయటి ప్రదేశములలో చిత్రీకరణ మీదను పడెను. మొదటి రెండు సీజనులకు వెన్నెముకయైన జీన్ కూన్ అంతకు మునుపే నిర్మాత పదవిని వీడియుండెను. కథల కూర్పరియైన డొరొతీ ఫాంటానా స్వతంత్ర రచయిత్రిగా వెడలెను. జస్ట్‌మన్, ఛాయాగ్రాహకుడు జెర్రీ ఫినర్‌మన్ సీజను నడుమనే నిష్క్రమించిరి.

1968 సెప్టెంబరు 20వ తేదీన మూడవ సీజను తొలి భాగముగా ‘స్పాక్స్ బ్రెయిన్’ ప్రసారమైనది. పరగ్రహవాసినియైన యొక యువతి నౌకలోనికి వచ్చి స్పాక్ శిరస్సులోని మెదడును అపహరించుకొని పోవును. భూగర్భమునందున్న తమ నగరమును నడపు యంత్రమునకు ఆ మెదడు కావలసియున్నదట. మెదడు లేని స్పాక్ దేహమును వైద్యుడు చేతిలోని మీటలతో నడిపించుచు తీసికొనిపోవును. ఈ భాగము చిత్రీకరణ జరిగినంత కాలము తాను సిగ్గుతో క్రుంగితినని స్పాక్ పాత్రధారి లియొనార్డ్ నిమాయ్ పిదప తన స్వీయచరిత్రమున వ్రాసెను. సీజనును దూషించువారందరును చూపు మొదటి సాక్ష్యమిదియే. కాని ఈ సాక్ష్యమును ఫ్రైబర్గర్ మీద ప్రయోగించువారు ఒక్క సంగతిని మరతురు. ఆ కథను వ్రాసిన ‘లీ క్రోనిన్’ మారుపేరుతో నున్న జీన్ కూనే. ఏ మహానుభావుడు లేకపోవుటచే మూడవ సీజను చెడినదని అభిమానులు విలపింతురో, ఆ మహానుభావుని కలమునుండియే మూడవ సీజను యొక్క అపకీర్తికి ధ్వజమైన కథ వెలువడినది.

ఐనను ఫ్రైబర్గర్ నిర్దోషి యని నేను వాదింపబోను. నన్నయ విడిచిన అరణ్యపర్వమును పూరింపబూనిన ఎఱ్ఱన, నన్నయ పలుకుబడితో ఆరంభించి చదువరికి అతుకు కనబడకుండ తిక్కన మార్గమువైపు మరలెనని మన పండితులు చెప్పుదురు. పరుల కృతిని చేపట్టినవానికి మొదట వలసినది ఆ వినయము. ఫ్రైబర్గర్ కాలమున పాత్రలు తమ పూర్వస్వభావమును మరచినట్లు మాటలాడు సందర్భములు పెక్కు కలవు. కర్క్ అకారణముగా ప్రేమలో పడును. స్పాక్ అకారణముగా చిరునవ్వు నవ్వును. స్పాక్, మెకాయ్‌ల నడుమనుండిన వ్యంగ్యము పలుచబడెను. అభిమానుల కోపమునకు ఇచ్చట న్యాయమున్నది. కాని అతనిని ‘కథామాలికలను చంపువాడు’ అని పిలుచుట, అతడు పిదప చేపట్టిన ‘స్పేస్: 1999’ రెండవ సీజనుతో ముగియగనే ఆ పేరు స్థిరపడుట న్యాయము కాదు. రెండవ ప్రపంచయుద్ధమున అతని విమానమును జర్మనులు కూల్చగా అతడు యుద్ధఖైదీగా నుండెను. ఆ చెర కొద్ది కాలమున ముగిసినది గాని స్టార్ ట్రెక్ తెచ్చిపెట్టిన బాధ దశాబ్దములు సాగినదని అతడు చమత్కరించుచుండెడివాడు. ఉహూరా పాత్రధారిణి నిషెల్ నికల్స్ తన ఆత్మకథలో, ఉన్న వనరులతో అతడు చేయగలిగినదంతయు చేసెనని అతని పక్షమున సాక్ష్యము పలికెను. కలిసి పనిచేసిన నటి మాటకు విలువ యీయక, దూరమున కూర్చున్నవారి ఊహకు విలువ యిచ్చుట మన అలవాటు.

దారిద్ర్యము కొన్ని చోట్ల శిల్పమై ఫలించినది కూడ. ‘స్పెక్టర్ ఆఫ్ ది గన్’ అను భాగమున పాతకాలపు కౌబాయిల పట్టణమును పూర్తిగా కట్టుటకు సొమ్ము లేక, ముందు గోడలు మాత్రము నిలిపి, వెనుక ఎఱ్ఱని ఆకాశమును చూపిరి. ఆ యసంపూర్ణతయే ఆ కథకు స్వప్నభీతిని చేకూర్చెను. ‘ది ఎంపాత్’ దాదాపుగా నల్లని శూన్యరంగము మీదనే జరుగును. పలుకులేని యొక స్త్రీ పరుల గాయములను తన దేహమున ధరించు ఆ కథను జాయిస్ మస్కట్ అను క్రొత్త రచయిత్రి తనంత తానుగా వ్రాసి పంపగా స్వీకరించిరి. అట్లే లాస్ ఏంజిలీస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయోద్యోగినియైన జీన్ లిసెట్ అరోస్ట్ రెండు కథలు వ్రాసెను. అందు ‘ఆల్ అవర్ యెస్టర్‌డేస్’ అను భాగమున, నశింపనున్న యొక గ్రహమునందలి జనులందరును ఒక గ్రంథాలయము ద్వారమున తమ గతకాలములోనికి పారిపోవుదురు. స్పాక్ అయిదువేల యేండ్ల వెనుకటి హిమయుగమున చిక్కి, తన పూర్వికుల ఉద్రేకమునకు లోనై, ఒక ఒంటరి స్త్రీని ప్రేమించును. కథామాలికను చూచి వ్రాసినవారి కథలకు ద్వారము విరివిగా తెరచినది, ఏ సీజనును అభిమానులు శపించిరో ఆ సీజనే యని గుర్తింపవలెను.

రాడెన్‌బెర్రీ దూరముగా నున్నాడనుమాట కూడ పూర్తి సత్యము కాదు. అరోస్ట్ వ్రాసిన మొదటి కథ ‘ఈజ్ దేర్ ఇన్ ట్రూత్ నో బ్యూటీ?’ చిత్రీకరణలో నుండగా, అతడు స్పాక్ మెడలో ఒక పతకము వ్రేలాడవలెనని పట్టుబట్టెను. ఆ పతకమును తన సొంత వ్యాపారసంస్థ ద్వారా తపాలాలో విక్రయించుట అతని యభిప్రాయము. నిమాయ్ ప్రభృతులు ఎదురుతిరిగిరి. కడకు పతకము మాత్రము తెర మీదికి వచ్చినది. అనంత వైవిధ్యమును కీర్తించు వల్కనుల తత్త్వమునకు చిహ్నముగా అభిమానులు నేటికిని దానిని ధరించుచున్నారు. వ్యాపారబుద్ధితో పుట్టినది తత్త్వచిహ్నమగుటకు ఇంతకన్న నిదర్శనము దొరకదు.

ఇక కట్టకడపటి భాగము. ‘టర్నెబౌట్ ఇన్‌ట్రూడర్’ 1969 మార్చి 28వ తేదీన ప్రసారము కావలసియుండగా, ఆనాడే మాజీ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మరణించుటచే వాయిదా పడి, జూన్ 3వ తేదీన, అది ముగింపన్న మాటయైనను లేకుండ వచ్చిపోయెను. మరి నలువది ఏడు దినములకు మానవుడు చంద్రుని మీద కాలిడెను. ముగింపు వ్రాయు సంప్రదాయమే ఆనాడు టెలివిజనులో బలపడలేదు. 1967 ఆగస్టులో ‘ది ఫ్యూజిటివ్’ కథను ముగించి చూపినపుడు అమెరికా యంతయు తెర ముందు కూర్చుండెను గాని, అది విశేషము. పలువురు నిర్మాతలు దానిని చూచియు నేర్చుకొనలేదు. బ్రిటనులో 1968 ఆరంభమున ‘ది ప్రిజనర్’ అను 17 భాగముల కథ అర్థము గాని ముగింపుతో ముగియగా, ప్రేక్షకులు మండిపడిరి. అచ్చటి తగవు ఉన్న ముగింపును గూర్చి. ఇచ్చటి తగవు లేని ముగింపును గూర్చి.

ఆ కడపటి భాగమున జానిస్ లెస్టర్ అను స్త్రీ యంత్రసాయమున కర్క్ దేహములోనికి ప్రవేశించి నౌకాధిపత్యమును హరించును. స్త్రీలకు నౌకాధిపత్యము దక్కదను నర్థమిచ్చు మాట యొకటి ఆమె నోట వచ్చును. సైక్లోస్టైలు పత్రికలను నడిపినవారిలో అధికులు స్త్రీలు గావున, ఈ మాట మీద జరిగిన చర్చకు అంతు లేదు. భవిష్యత్సమాజమును గూర్చి అంత ఉదారముగా స్వప్నించినవాడు, మూలకథను తానే వ్రాసినవాడు, ఇట్లేల వ్రాసెనని కొందరు. ఆమె ఉన్మాదిని, ఆమె మాట ప్రమాణము కాదని కొందరు. కర్క్ జీవితములో స్త్రీకి చోటు లేదనియే ఆమె భావమని మరికొందరు. మూడవ వ్యాఖ్యానము తెలివైనదే గాని నన్ను ఒప్పింపజాలదు. 1995లో ‘వాయేజర్’ అను అనుబంధ కథామాలికకు కాథరిన్ జేన్‌వే నాయికగా, నౌకాధిపతిగా వచ్చిన పిమ్మట గూడ ఈ చర్చ ఆగలేదు.

మూడవ సీజను లేనిచో ఈ చర్చలేవియు లేవు. ఇదియే నేను చెప్పదలచిన ముఖ్యాంశము. రెండు సీజనులకు లభించినవి 55 భాగములు. స్థానిక టెలివిజను కేంద్రములవారు పాత కథలను కొని వారమునకు అయిదు దినములు వరుసగా ప్రసారము చేయవలెనన్నచో, అంత కొద్ది కథలు త్వరగా తరుగును. అపకీర్తి పాలైన ఆ 24 భాగములును కలసి 79 అయినందుననే వ్యాపారులు వానిని విరివిగా కొనిరి. కైజర్ సంస్థ కేంద్రములు సాయంకాలము, ఇతర కేంద్రములలో వార్తలు వచ్చు వేళ వీనిని ప్రసారము చేసెను. శుక్రవారము రాత్రి చూడలేకపోయిన పిల్లలు బడి నుండి వచ్చి చూచిరి. మరల మరల చూచి కంఠస్థము చేసిరి. ఇండ్లలో వీడియో పరికరములు లేని ఆ దినములలో వాదములన్నియు జ్ఞాపకశక్తి మీద, జేమ్స్ బ్లిష్ వ్రాసిన కథారూప పుస్తకముల మీద ఆధారపడి జరిగెను. 1972 జనవరి 21 నుండి 23 వరకు న్యూయార్కులోని స్టాట్లర్ హిల్టన్ హోటలులో జరిగిన సభకు కొన్ని వందలమంది వత్తురని తలచినచో మూడువేలమందికి పైగా వచ్చిరి. రాడెన్‌బెర్రీతో బాటు వైజ్ఞానిక కథారచయిత ఐజాక్ అసిమోవ్ ప్రసంగించెను. 1977లో ‘ఇంటర్‌స్టాట్’ అను పత్రిక ఉత్తరములకే అంకితమై వెలువడ నారంభించినది. అందలి ప్రతి సంచికయు ఒక వాగ్యుద్ధమే. మొదటి అంతరిక్ష విమానమునకు ‘కాన్‌స్టిట్యూషన్’ అను పేరు మాన్పించి ‘ఎంటర్‌ప్రైజ్’ అను పేరు పెట్టించినది కూడ ఈ ఉత్తరముల సైన్యమే. 1976 సెప్టెంబరు 17వ తేదీన దానిని బయటికి తెచ్చినపుడు నటులు వచ్చి నిలుచుండిరి. ఆ విమానము అంతరిక్షమునకు ఎన్నడును పోలేదు.

మన దేశమున 1980ల దశకమున దూరదర్శన్ ఈ కథలను ఆదివారపు ఉదయములందు ప్రసారము చేసెను. ఇచ్చటి బాలురకు సీజనుల భేదము తెలియదు. ఏది మంచి సంవత్సరమో, ఏది చెడ్డ సంవత్సరమో చెప్పు పెద్దలు లేరు. ముందుగా అభిప్రాయము లేనివారికి మూడవ సీజను ఎట్లుండునో తెలిసికొనదలచినచో, ఆనాటి మన ప్రేక్షకులే తగిన సాక్షులు.

నా తీర్పు ఇది: మూడవ సీజను మొదటి రెండింటికి తీసిపోవును, ఆ తీసిపోవుటలో పెద్ద భాగము ప్రసారవేళది, ధనలోపముది, మిగిలిన దానిని ఫ్రైబర్గర్, రాడెన్‌బెర్రీ, కూన్ పంచుకొనవలెను. ఈ వాదములోనికి క్రొత్తగా దిగు పాఠకులకు ఒక విన్నపము. ‘స్పాక్స్ బ్రెయిన్’తో మొదలుపెట్టవలదు. ఫాంటానా వ్రాసిన ‘ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్’, ఆపై ‘ది థోలియన్ వెబ్’, ‘ది ఎంపాత్’, ‘ఆల్ అవర్ యెస్టర్‌డేస్’, ఈ నాల్గింటిని ముందు చూడుడు. ఆ పిమ్మట మెదడు పోయిన కథను చూచి, అప్పటికిని ఫ్రైబర్గర్‌ను తిట్టదలచినచో నిశ్చింతగా తిట్టుడు.